గుడ్డిమెలకువ

రైలు గంట ఆలస్యంగా వస్తుందని పైనున్న గొంతు చెప్పింది, చెప్పి క్షమించమంది. అది ఎవరి గొంతూ కాదు, ఎప్పుడో ఎవరో ముక్కలు ముక్కలుగా పలికిన మాటల్ని అతికించి తయారుచేసిన గొంతు, ఇలాంటి గొంతులతోనే కదా నా కాపురం అని అలవాటుగా నాలో ఒక జోకు తయారైంది, సాయంత్రం మా ఆయనకి చెప్పి నవ్వించాలని దాచుకునే రకం జోకు, కానీ కాపురం అనే మాట దగ్గరికి వచ్చేసరికి అది చేపముల్లులా అడ్డం పడింది. మా ఆయన. ఈ మాట నాకు ఇంకా కొత్త చెప్పులే, నడుస్తుంటే కిర్రుమంటుంది, కాస్త కరుస్తుంది, అయినా అందరూ చూడాలని వేసుకు తిరుగుతాను. కూరగాయల కొట్లో, బస్సులో, అవసరం లేని చోట కూడా ‘మా ఆయన అయితే’ అని మొదలుపెడతాను. ఇందాక ప్లాట్‌ఫారం ఊడ్చే ఆవిడ కాళ్ళు పైకి పెట్టుకోమంటూ వచ్చి ఎవరి కోసం అని అడిగితే కూడా అలాగే అన్నాను, మా ఆయన వస్తున్నాడని. ఆవిడ చీపురు ఆపి నన్ను ఎగాదిగా చూసింది. “కొత్తా?” అంది. ఎలా తెలిసిందన్నాను. “పాతబడితే ఇక్కడిదాకా ఎవరొస్తారమ్మా, ఇంట్లోనే లేచి తలుపు తీస్తే అదే పదివేలు” అని, నా కాళ్ళ కింద ఊడ్చుకుని వెళ్ళిపోయింది. పొద్దున్న అయి ఉంటే ఈ మాటకి రోజంతా మురిసేదాన్ని. పొద్దున్న అంటే ఆ మాట వినకముందు. ఇప్పుడు కూడా మురిశాను, కొద్దిగా, ఒంటికి అలవాటైపోయింది కాబట్టి, ఆ తర్వాత చల్లబడ్డాను.

మా పని గదికి కిటికీ ఉంది కానీ తెరవం, బయటి చప్పుడు వస్తుందని. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడలు, అచ్చం కుట్టుమిషను దగ్గర కూర్చున్నట్టు ఉంటాను. పెడలు తొక్కితే గొంతు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది, నేను విన్నది విన్నట్టు టైపు చేస్తాను, తప్పు మాట్లాడితే తప్పే టైపు చేయాలి, ఏడిస్తే ‘ఏడుపు’ అని రాయాలి, మాట్లాడకపోతే ‘మౌనం’ అని రాయాలి. మాట్లాడేవాళ్ళంతా మగవాళ్ళు. ఒంటరిగా కూర్చుని ఫోనులో, కంప్యూటరులో చూడకూడనివని లోకం అనేవి చూసేవాళ్ళు. మా మేడమ్ పరిశోధన అంతా ఒకటే ప్రశ్న, మామూలుగా అందరూ చూసే బూతు బొమ్మలతో మొదలైనవాడు ఇంకా మొరటువాటికి, హింసకి, చివరికి చట్టం కూడదన్నవాటికి ఎలా వెళ్తాడు, అందరూ వెళ్ళరు కదా, వెళ్ళేవాడికీ ఆగేవాడికీ తేడా ఎక్కడుంది అని. ఊళ్ళో ఉన్నవాళ్ళు, వేరే ఊళ్ళ కేంద్రాల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెప్పుకుంటారు, అడిగేవాళ్ళు అది రికార్డు చేసి, పేరు తీసేసి, గొంతు మార్చేసి మాకు పంపుతారు. మార్చిన గొంతులన్నీ ఒకేలా ఉంటాయి, బొంగురుగా, నిదానంగా, బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు. మొదట్లో భయం వేసేది, తర్వాత జాలి వేసేది, తర్వాత అలవాటైంది, అలవాటైందని గుర్తొచ్చినప్పుడు మళ్ళీ భయం వేసేది. మేడమ్‌కి మేము పెట్టుకున్న పేరు ‘కావచ్చు మేడమ్’. ఎవరైనా ‘ఇది చూస్తే అది చూస్తారు’ అని రాస్తే చాలు, ఎర్ర గీత గీసి పక్కన ‘కావచ్చు’ అని రాస్తుంది. “మెట్లున్నాయని రాయి తల్లీ, అందరూ దిగుతారని రాయకు. దిగినవాణ్ణి అడిగితే మెట్లే తోశాయంటాడు, దిగనివాడు అసలు మెట్లే లేవంటాడు. మనం మధ్యలో నిలబడాలి.” ఆవిడ అలా అంటుంటే నాకు చాలా నచ్చేది. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో కూడా అంతా కావచ్చే. “ఉప్పెక్కువైందా?” “కావచ్చు.” “నేనంటే ఇష్టమేనా?” “కావచ్చు.” పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

ఈ పొద్దున్న వచ్చిన రికార్డు పోయిన ఏడాదిది, మా పెళ్ళి మాటలు కూడా మొదలవకముందుది. అడిగేవాళ్ళకి ఏదో తొందర, చెప్పే మనిషి మాత్రం నిదానంగా చెబుతున్నాడు. “మొదట్లో నిద్ర రాక చూసేవాడినండి. తర్వాత చూడడం కోసం నిద్ర మానేశాను” అన్నాడు. బాగా చెప్పాడే అనుకున్నాను, వీళ్ళలో కొందరు ఎంత బాగా చెబుతారో అని మనసులోనే మెచ్చుకుంటూ టైపు చేశాను. “నిన్న చూసింది ఇవాళ చప్పగా ఉండేది. నాలిక మొద్దుబారినవాడు ఉప్పు మీద ఉప్పు వేసుకుంటాడు చూడండి, అలాగ. నేను వెతకలేదండి మొదట, అదే ముందుకొచ్చి నిలబడేది, ఇది చూశావుగా ఇక ఇది చూడు అని. కొన్నాళ్ళకి అది రావడం ఆలస్యమైతే నేనే వెతికాను.” ఊళ్ళు తిరిగే ఉద్యోగమని, లాడ్జి గదులని, తలుపుకి గొళ్ళెం పెట్టాక ఇక లోకంలో ఎవరూ లేరని, ఇవి అందరూ చెప్పేవే. “సంతోషంగా ఉండేదా?” అని అడిగింది అడిగే అమ్మాయి. మౌనం. నేను ‘మౌనం’ అని టైపు చేశాను. “సంతోషమా... చూస్తున్నానా అంటే చూడట్లేదండి. నిద్రపోతున్నానా అంటే అదీ కాదు. అదొక గుడ్డిమెలకువ.” నాకు నవ్వొచ్చింది. ఇదీ నేను ఎవరికీ చెప్పుకోలేని సంగతి, ఆ మాట వినగానే నా మొహం విప్పారింది, పరాయి ఊళ్ళో వీధిలో పోతుంటే మనింటి పిల్లి కనబడ్డట్టు, అరె, మా అత్తయ్య మాట ఇక్కడికెలా వచ్చింది అని. నా కాలు పెడలు మీదే ఉంది, గొంతు నడుస్తూనే ఉంది, “అలా ఉండగా ఒకరోజు పక్కన ఒక వీడియో పేరు కనిపించిందండి. ‘ఆమెకు తెలియదు’ అని. అంటే, ఎవరో ఒకావిడ గదిలో ఆవిడకి తెలియకుండా కెమెరా పెట్టి”. అక్కడ నా కాలు దానంతట అదే పైకి లేచింది.

అత్తయ్య ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, మాటలు పుట్టించడం ఆవిడకి వ్యసనం. మొదటి కప్పు తర్వాత సగం పోసుకునే రెండో టీ పేరు తోకటీ. పనికి వెళ్ళాలనిపించని పొద్దున దుప్పటి తీయకుండా ఒళ్ళు వెచ్చగా ఉందనడం ముసుగుజ్వరం. అలిగి మాట్లాడకుండా గిన్నెలు మాత్రం గట్టిగా పెట్టడం గిన్నెల భాష. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టాక నాకు అన్నిటికంటే ముద్దొచ్చినవి నగలు కాదు, గది కాదు, ఈ మాటలు. ఒక్కొక్కటీ ఏరుకుని ఒళ్ళో వేసుకున్నాను, నేను మొదటిసారి తోకటీ కావాలా అని అడిగినప్పుడు అత్తయ్య నా వీపు తట్టి, ఇక నువ్వు మా ఇంటి మనిషివి అంది. గుడ్డిమెలకువ అంటే కళ్ళు తెరుచుకునే ఉంటాయి కానీ ఏదీ చూడవు, వార్డులో కొందరు రోగులు అలా ఉంటారట, కదపకూడదు, పిలవకూడదు, పక్కన కూర్చోవాలి అంతే. మా ఆయన అప్పుడప్పుడు తెల్లారుజామున లేచి వంటింట్లో పీట మీద కూర్చుంటాడు. అడిగితే “ఏం లేదు, గుడ్డిమెలకువ” అనేవాడు. నేను వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని, ఆ ఇంటి పద్ధతి ప్రకారం, తల భుజం మీద పెట్టి, ఎంత బాగుందీ ఈ మాట అనుకుంటూ.

ఆ ఇంట్లో మగవాళ్ళు ఇద్దరే, మా ఆయన, ఆయన అన్న. బావగారు వేరే ఊళ్ళో ఉంటారు, ఆయనా ఊళ్ళు తిరుగుతారు, మందుల కంపెనీ పని. మా ఆయన ఆసుపత్రుల్లో స్కానింగు యంత్రాలు బిగిస్తాడు, పాడైతే బాగుచేస్తాడు, నెలలో సగం లాడ్జీలే. బావగారు కావచ్చు. మా ఆయన కావచ్చు. అత్తయ్య పనిచేసిన వార్డులో ఆ మాట అందరూ వాడేవారేమో, అక్కడినుంచి ఎవరి కొడుక్కో, ఎవరి తమ్ముడికో వెళ్ళిందేమో, మాటలకేం, కాళ్ళూ చేతులూ ఉన్నాయి. ఎవరైనా కావచ్చు. మేడమ్ ఎర్ర గీత గీసినప్పుడల్లా ఆ మాట నాకు నీడలా అనిపించేది, ఇప్పుడు అదే నా కింద మేకుల మంచం. గొంతు గుర్తుపట్టే వీలు లేకుండా మార్చారు, పేరు తీసేశారు, ఊరు తీసేశారు, మాటని మాత్రం తీయలేదు. ఇంటి మాటకి ఒంటి మీద పుట్టుమచ్చకి ఉన్నంత ముద్ర ఉంటుందని ఎవరికి తోస్తుంది. మాకు ఒక నియమం ఉంది, మనిషిని గుర్తుపడితే ఆపేయాలి, మేడమ్‌కి చెప్పాలి, ఎవరో మాత్రం చెప్పకూడదు, వాళ్ళని అడగకూడదు, అసలు తెలిసినట్టు కనబడకూడదు. ఆ నియమం మీద నమ్మకంతోనే కదా వాళ్ళు వచ్చి నోరు విప్పేది. నేను ఆపేశాను. మేడమ్‌కి చెప్పలేదు. రైలుకి టైమైందని లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

ఇంత జనంలో కూర్చున్నాను, ఎవరికి చెప్పను. అమ్మకి చెబితే ముందు నీళ్ళు తాగుతుంది, తర్వాత నాన్నకి చెబుతుంది, ఆ తర్వాత వాళ్ళిద్దరూ మా ఆయన్ని మళ్ళీ ఎప్పుడూ మామూలుగా చూడరు, ఒకవేళ ఆయన కాకపోయినా సరే. స్నేహితురాలికి చెబితే, మగాళ్ళందరూ అంతే, పట్టించుకోకు అంటుంది, లేదా మగాళ్ళందరూ అంతే, వదిలేయ్ అంటుంది, రెండూ ఒకే గొంతుతో అంటుంది. అత్తయ్యకి చెప్పడమంటే కన్నతల్లికి చెప్పడం. నాకు ఏ కబురైనా ముందు చెప్పాలనిపించే మనిషి ఒకరున్నారు, ఆ మనిషి ఇప్పుడు ఆలస్యంగా వస్తున్న రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఇదొక తమాషా కష్టం, ఉన్న చుట్టాలందరినీ తగ్గించుకుని ఒక్క మనిషిని పెంచుకుంటాం, ఆ ఒక్కరి గురించే చెప్పుకోవలసి వస్తే చుట్టూ చూసుకుంటే గోడలు కూడా ఉండవు. ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఒకావిడ గాజుతలుపులో చూసుకుంటూ జుట్టు సర్దుకుంటోంది, ఎవరూ చూడట్లేదనుకుంటోంది, నేను చూస్తున్నాను. చటుక్కున తల దించుకున్నాను.

మొదటిసారి మేమిద్దరం విడిగా మాట్లాడుకున్న రోజు గుర్తొచ్చింది. మా పెద్దవాళ్ళు పక్క బల్ల దగ్గర కూర్చుని మావైపు చూడనట్టు నటిస్తున్నారు. నా ఉద్యోగం ఏమిటో చెప్పాను, చెప్పగానే చాలామంది మొహం ముడుస్తారు, కొందరు వెకిలిగా నవ్వుతారు, అప్పటికే ఇద్దరు ముగ్గురు సంబంధాలవాళ్ళు ఆ నవ్వుతోనే లేచిపోయారు. ఈయన గ్లాసు కింద పెట్టాడు. “అవన్నీ ఎవరు వింటారు?” అన్నాడు. నేనే అన్నాను. “నువ్వే వింటావా?” “నేనూ ఇంకో అమ్మాయి.” చాలాసేపు గ్లాసు అంచు తుడిచాడు. “విన్నాక అన్నం తినగలుగుతావా?” అన్నాడు, నేను రెండుసార్లు వడ్డించుకుంటాను అన్నాను, ఆ మాటకి అవసరమైన దానికంటే ఎక్కువ నవ్వాడు. ఎంత సరదా మనిషి అని ఆ నవ్వుకే పడిపోయాను. ఇప్పుడు ఆ నవ్వుని తిప్పి చూస్తే వెనకవైపు వేరేగా ఉంది. పెళ్ళయ్యాక రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న, ఏ ఊళ్ళో ఉన్నా ఫోను చేసి, “ఇవాళ ఏం విన్నావు?” అక్కతో గొప్పగా చెప్పాను కూడా, మీ ఆయన ఎప్పుడైనా నీ పని గురించి అడిగాడా, మా ఆయన రోజూ అడుగుతాడు అని. చెప్పకూడదు కదా, నేను ఎప్పుడూ “ఏదో ఒకటి” అనేదాన్ని, ఆయన ఫోనులో ఊపిరి వదిలేవాడు, అది నేను ముద్దుగా తీసుకున్నాను. ఒకరోజు ఇల్లు ఊడుస్తూ చీపురు పట్టుకుని గెంతుతున్నాను, నాకు నేనే పాడుకుంటూ, తిరిగి చూస్తే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చావన్నాను. ఇందాకే అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. “నేను వచ్చినట్టు చెప్పాల్సింది” అన్నాడు, అదేదో తప్పు చేసినట్టు. అంత చిన్నదానికి కన్నీళ్ళేమిటని నేను చీపురుతో కొట్టినట్టు నటించాను. ఆ రోజుని ఇన్నాళ్ళూ తీపి వస్తువులా దాచుకున్నాను, ఇప్పుడు చేతిలోకి తీసుకుంటే అది తీపో కాదో తెలియడం లేదు.

అత్తయ్య ఫోను. రైలొచ్చిందా అని. ఇంకా రాలేదన్నాను. వాడికి ఆకలేస్తుంది, ఏమైనా తీసుకొచ్చావా అంది. లేదన్నాను. “పోనీలే, నిన్ను చూస్తే కడుపు నిండుతుందిలే” అంది, తన హాస్యానికి తనే నవ్వుకుంది. అడగకూడదు. నియమం ఒక్కటే కాదు, ఏదైనా అడిగితే తిరిగి సమాధానం వస్తుంది. అడిగాను.

“అత్తయ్యా, గుడ్డిమెలకువ అంటారు కదా. ఆ మాట వార్డులో అందరూ అనేవాళ్ళా?”

“ఎవరంటారే, వాళ్ళకంత తెలివా? అది నా సొంతం. వార్డుది కాదు కూడా. చిన్నాడి కోసం పుట్టించాను.”

“రోగుల గురించి అన్నారు?”

“అది నీకు చెప్పడానికి అలా చెప్పాను, కోడలికి మొగుడి బలహీనతలు మొదటి నెలలోనే చెబుతారా ఏంటి? వాడు చిన్నప్పుడు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు, వాళ్ళ నాన్న పోయిన కొత్తలో. నేనేమో డ్యూటీలో ఉండేదాన్ని. వచ్చేసరికి వాడు అలాగే. కళ్ళు తెరిచే ఉంటాయి పాపం.”

“బావగారు కూడానా?”

“పెద్దాడా? వాడికి నిద్రంటే నిద్ర, తిండంటే తిండి. పిడుగు పడితే పక్కకి జరిగి పడుకుంటాడు. ఆ మాటుందని కూడా వాడికి తెలీదు, మేమిద్దరమే అనుకునేవాళ్ళం. ఇప్పుడెందుకే ఇవన్నీ?”

“ఊరికే అత్తయ్యా. మాట బాగుందని.”

“బాగుంటుందిలే, నాది కదా” అంది. పెట్టేసింది.

కావచ్చు అయిపోయింది. ఇంత తేలిగ్గా అయిపోయింది, ఒక ముసలావిడ మురిపెంగా చెప్పిన మాటతో. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు, వచ్చింది మరొకటి, సంచీలో లాప్‌టాప్ ఉందన్న సంగతి. మిగతా సగం అందులో ఉంది. ఆ పేరు కనిపించాక ఏం చేశాడో అందులో ఉంది, తెరిచాడో, మూసేశాడో, ఎంత దూరం వెళ్ళాడో. పెడలు అక్కర్లేదు, మీట నొక్కితే చాలు. రైలు వచ్చేలోగా వినేయొచ్చు, విని ముందే గుండె రాయి చేసుకుని కూర్చోవచ్చు, ఆయన దిగేటప్పటికి నా దగ్గర అంతా ఉంటుంది, ఆయన దగ్గర ఏమీ ఉండదు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. చెవుల్లో నా నెత్తురు చప్పుడు. పెళ్ళాన్ని కదా, తెలుసుకునే హక్కు లేదా అనుకున్నాను, ఉంది, నాకు లేకపోతే ఎవరికుంది. మీట మీద వేలు పెట్టి ఆగాను. ఆయన ఏదో గదిలో కూర్చుని, తనెవరో ఎవరికీ తెలియదనుకుని, లోపలిదంతా విప్పి పెట్టాడు. నేను ఇక్కడ కూర్చుని, అది ఎవరో తెలిసి, ఆయనకి తెలియకుండా చూడబోతున్నాను. ఆ వీడియోకి పెట్టిన పేరే దీనికీ పెట్టొచ్చు, ఒక్క మాట మార్చి. వేలు అలాగే ఉంది. చూడాలనే ఉంది. ఎంత చూడాలని ఉందంటే, వాళ్ళు చెబుతుంటే నేను ఎప్పుడూ నమ్మని మాట ఒకటుంది, చెయ్యి నాది కాదనిపించేది అని, అది నిజమే. మేడమ్‌కి ఫోను చేశాను.

“పొద్దున్న ఇచ్చిన రికార్డు నేను చేయలేను మేడమ్.”

“సరిగ్గా వినబడట్లేదా?”

“వినబడుతోంది. మనిషి తెలుసు.”

నేను లోపల ‘మౌనం’ అని టైపు చేసుకున్నాను. “ఎవరో చెప్పకు” అంది.

“చెప్పను.”

“సరే, నీ దగ్గర్నుంచి ఇప్పుడే తీసేస్తున్నాను. టైపు చేసింది కూడా చెరిపేస్తాను. నువ్వు వినలేదనుకో.”

“విన్నాను మేడమ్.”

“అవును” అంది, మెల్లగా. “విన్నావు.” ఆవిడ నోట గట్టిగా నిలబడే మాట అదొక్కటే విన్నాను ఇన్నాళ్ళలో. “నీ పక్కన ఎవరైనా ఉన్నారా?”

“రైలు వస్తోంది మేడమ్” అన్నాను, నిజంగానే వస్తోంది, పట్టాలు ముందే గుసగుసలాడుతున్నాయి. తెర మీద ఆ రికార్డు ఉన్న చోట ఖాళీ ఏర్పడింది. లాప్‌టాప్ మూసేశాను.

ఆయన దిగాడు. నలిగిన చొక్కా, భుజాన పనిముట్ల సంచీ, నన్ను వెతుకుతున్న కళ్ళు, నేను కనబడగానే ఎప్పటిలాగే మొహమంతా నవ్వు, ఆ నవ్వుకి నా ఒళ్ళు ఎప్పటిలాగే లేచి ఎదురెళ్ళింది, దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు కదా. జనం మమ్మల్ని ఒరుసుకుంటూ పోతున్నారు. “గంటసేపు కూర్చున్నావా పిచ్చిదానా, ఇంటికి వెళ్ళిపోవాల్సింది” అన్నాడు. కాసేపు కూర్చుందాం అన్నాను. కూర్చున్నాడు. సంచీ మా మధ్య పెట్టాడు, మళ్ళీ తీసి కింద పెట్టాడు. “ఇవాళ పనికి వెళ్ళలేదా?” అన్నాడు.

“వెళ్ళాను. మధ్యలో ఆపేసి వచ్చాను.”

నా మొహం వైపు చూశాడు. ఎదుటి ప్లాట్‌ఫారం వైపు చూశాడు. ఏదో బరువైనది ఎత్తేముందు మనిషి భుజాలు సర్దుకుంటాడు, అలా సర్దుకున్నాడు. అప్పుడు, పెళ్ళయినప్పటినుంచి రోజూ సాయంత్రం అడిగి అడిగి అరిగిపోయిన ప్రశ్నని కాకుండా, దాని కిందున్న అసలు ప్రశ్నని అడిగాడు.

“ఎంతవరకు విన్నావు?”

ఏమిటి అనొచ్చు నేను. దేని గురించి అనొచ్చు. నియమం అదే. “సగం” అన్నాను. “మిగతాది ఇచ్చేశాను.”

“ఎందుకు?”

“అది నువ్వు ఎవరికో చెప్పావు. నాకు చెప్పలేదు.”

రైలు కదిలింది. పెట్టెలు పోతుంటే ఆయన మొహం మీద వెలుగూ నీడా మారి మారి పడ్డాయి, అన్నీ వెళ్ళిపోయాక ఉత్త వెలుగు మిగిలింది, మా బెంచీ తప్ప ప్లాట్‌ఫారం దాదాపు ఖాళీ అయింది. “నీ దగ్గరికి వస్తుందని తెలుసు” అన్నాడు. “తీసేయమని చెప్పే వీలు కూడా ఉంది వాళ్ళ దగ్గర. చెప్పలేదు. నోటితో చెప్పడానికి ధైర్యం లేక, అది నీ దాకా రావాలని చూశాను. రాకూడదని కూడా చూశాను.” చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తున్నాడు. “దాన్ని తెరిచాను. చూశాను.”

నేను తల ఊపాను. ఒక్కసారి పొరపాటున అని నాకు నేను చెప్పుకోవడం అప్పటికే మొదలుపెట్టాను, ఆ మాట మీద నిలబడడానికి కాలు మోపుతున్నాను.

“ఒకసారి కాదు” అన్నాడు.

ఆ రెండో మాట నేను అడగలేదు. మొదటిదానితో ఆగి ఉంటే నమ్మేదాన్ని, ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆ తర్వాత భయమేసి మేడమ్ వాళ్ళ మనుషుల దగ్గరికి వెళ్ళానన్నాడు, వాళ్ళు ఒక డాక్టరు దగ్గరికి పంపారన్నాడు, ఇప్పుడు లేదన్నాడు, చెయ్యి దానంతట అది ఫోను మీదకి వెళ్ళినప్పుడు లేచి వచ్చి వంటింట్లో కూర్చుంటానన్నాడు. అన్నీ వింటున్నాను. ఆయన కోసం ఎన్నో ప్రశ్నలు దాచి ఉంచాను, నన్ను ఎందుకు చేసుకున్నావు, నన్ను ఎప్పుడైనా అలా చూశావా, ఇక నేను గదిలో ఒక్కదాన్నే ఉన్నానని ఎలా అనుకోను, రేపు మనకి ఆడపిల్ల పుడితే ఎలా. నోరు తెరిస్తే వేరే ప్రశ్న వచ్చింది.

“అందులో ఆవిడ ఏం చేస్తోంది?”

ఆయన నావైపు తిరిగాడు, ఎవరూ ఇంతవరకు అడగని ప్రశ్న అది అన్నట్టు, పోయిన ఏడాది అడిగిన అమ్మాయి కూడా అడగలేదేమో.

“ఏం లేదు” అన్నాడు. “బట్టలు మడతపెడుతోంది. ఒకటి మడతపెట్టి, నచ్చక, విప్పి మళ్ళీ పెడుతోంది. మధ్యలో ఏదో గుర్తొచ్చి నవ్వుకుంది.” చేతులతో ఆ మడత చూపించబోయి మానేశాడు. “ఎందుకు నవ్విందో తెలీదు.”

మడత సరిగ్గా రాలేదని విప్పడం నాకు తెలుసు. ఎవరూ లేని గదిలో ఏదో గుర్తొచ్చి నవ్వుకోవడం తెలుసు. ఆవిడ ఏ ఊరిదో, ఆ కెమెరా సంగతి ఇప్పటికైనా ఎవరైనా చెప్పారో లేదో, ఇప్పుడు ఈ మధ్యాహ్నం కూడా ఎక్కడో ఎవరి తెర మీదో అదే బట్ట అలా మడతపెడుతూనే ఉందో. మా రికార్డుల్లో ఇన్ని గొంతులు విన్నాను, ఆవిడ గొంతు ఒక్కటీ రాదు, మార్చి పంపడానికి కూడా ఎవరూ అడగరు. ఆయన చెయ్యి బెంచీ మీద నా చేతికి దగ్గరగా వచ్చి, తాకకుండా ఆగింది. నేను నా చెయ్యి తీసుకోలేదు, ఇవ్వలేదు. ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నేను మాత్రం చాలాసేపు ఆవిడ పక్కన కూర్చున్నాను.